ఎవరి నూరు

షెపర్టన్‌లో ఫిబ్రవరి. ఏడో తరగతి గది.
ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం రాదు.
కిటికీ అవతల మ్యాగ్‌పై పిట్టొకటి
చెత్తడబ్బా మూత మీద ముక్కుతో తాళం వేస్తోంది.
బోర్డు మీద నేను రెండు గీతలు గీశాను,
ఒకదాని కింద ఒకటి, రైలు పట్టాల్లా.
పై గీత మీద బేరిపళ్ళు. కింది గీత చివర నూరు.

"నలభై పళ్ళలో ఆరు దెబ్బతిన్నాయి.
నూటికి ఎన్ని?"
సూత్రం చెప్పలేదు. అడ్డగుణకారం ఇంకా సంచీలోనే ఉంది.
నా చిన్నప్పుడు దాన్ని త్రైరాశికం అనేవారు;
మూడు తెలిస్తే నాలుగోది దానంతటదే వస్తుందని
మా లెక్కల మాస్టారు బెత్తంతో సహా చెప్పారు.
వచ్చింది. ఎందుకు వచ్చిందో మాత్రం
ముప్పై ఏళ్ళొచ్చాక, వడ్డీ కట్టేటప్పుడు తెలిసింది.

వెనక బల్ల నుంచి మాసూమా:
"నలభైకి ఆరయితే ఇరవైకి మూడు.
ఇరవై ఐదుసార్లు వేస్తే నూరు.
మూడైదులు పదిహేను."
పట్టాల మీద నడిచినట్టు చెప్పింది,
ఒక్క స్లీపరూ వదలకుండా.

అక్కడితో గంట కొడితే బాగుండేది.
కొట్టలేదు.

"మిస్, మా అమ్మ బేరి తోటలో కాయ కోస్తుంది.
పెద్ద బిన్ను నిండితే నలభై డాలర్లు.
పోయిన నెల రేటు నూటికి పదిహేను తగ్గించారు.
ఈ నెల మళ్ళీ నూటికి పదిహేను పెంచారు.
పాత రేటే వచ్చేసిందన్నారు.
పాత డబ్బు మాత్రం రావడం లేదు."

ఇలీర్ వెనక్కి తిరిగి చూశాడు.
ఆ తోట వాళ్ళ బాబాయిది. అందరికీ తెలుసు.
మిగతా పిల్లలంతా ఒక్కసారే
పుస్తకాల్లోకి తలలు దించారు.
"పదిహేను తీశారు, పదిహేను వేశారు," అన్నాడు, చెవులు ఎర్రబడి.
"సరికి సరి. బాబాయి దొంగ కాదు."

"దొంగని ఎవరన్నారు?" అని
మార్కరు వాడి చేతికిచ్చాను.

నలభైకి ఎదురుగా నూరు.
నాలుగుకి పది. రెండుకి ఐదు.
ఆరు పోయింది, ముప్పై నాలుగు మిగిలింది.
ఇక పెంచాలి. చెయ్యి మళ్ళీ నలభై వైపే వెళ్ళింది.
"ఆగు," అంది మాసూమా,
"ఇప్పుడు నూరు ఎవరిది?"

ఆ మాటే నేను ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను.
అంత పొట్టిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

నలభై తుడిచాడు. నూరు మీద ముప్పై నాలుగు రాశాడు.
పదికి మూడు డాలర్ల నలభై. ఐదుకి ఒకటీ డెబ్భై.
కలిపితే ఐదూ పది.
ముప్పై తొమ్మిది డాలర్ల పది సెంట్లు.
తొంభై సెంట్లు తక్కువ.
"బిన్నుకి," అంది మాసూమా. గొంతులో గెలుపేమీ లేదు.
"అమ్మ రోజుకి మూడు నింపుతుంది."
గుణించమని నేను చెప్పలేదు. అందరూ గుణించారు.

దిగేటప్పుడు పెద్ద మెట్టు, ఎక్కేటప్పుడు చిన్న మెట్టు,
పేరు రెంటికీ పదిహేనే.
అందులో మోసం ఉందో, తెలియనితనం ఉందో
గీతలు చెప్పవు. నేనూ చెప్పలేదు.

గంట కొట్టాక ఇలీర్ ఆగిపోయాడు.
"మరి నలభైకి చేరాలంటే ఎంత పెంచాలి, మిస్?"
ముప్పై నాలుగుకి ఆరు. నూటికి?
నేను నోరు మూసుకున్నాను.
ఎంత కష్టమో ఏ టీచర్నైనా అడగండి.
సగం చేశాడు: పదిహేడుకి మూడు.
ఐదుసార్లు వేస్తే ఎనభై ఐదు. ఆరుసార్లయితే నూట రెండు.
నూటి పక్కనుంచే పోతుంది, ముట్టుకోదు.
"నూట రెండుకి పద్దెనిమిది. నూటికంటే కొంచెం తక్కువ...
పోనీ, పద్దెనిమిది అనేస్తే?"
"బిన్నుకి పన్నెండు సెంట్లు మీ బాబాయికి ఎక్కువ పడుతుంది."

కాసేపు నిలబడ్డాడు.
అరచేతిలో 18 అని రాసుకుని,
చెమటకి చెరిగిపోతుందేమోనని
పిడికిలి మూయకుండా
ఆ ఎండలో బస్సు దాకా
చెయ్యి విప్పి పట్టుకునే నడిచాడు.